గెడ్డ గట్టు కోసింది: శిథిలీకరణమా, క్రమక్షయమా?

సందేహం: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా పాప సోషల్ పాఠంలో శిథిలీకరణం, క్రమక్షయం, అవక్షేప శిలలు అని ఉన్నాయి. మొదటి రెండూ ఒకటేనా? ఎవరో ‘నిక్షేప శిలలు’ అని కూడా రాశారు, ఏది సరైనది? మా ఇంట్లో ‘గెడ్డ (వాగు) గట్టు కోసీసింది’ అంటాం. పరీక్షలో ‘కోత’ అని రాస్తే మార్కులు పోతాయేమోనని పాప టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: ఒకటి కాదమ్మా. రాయి ఉన్నచోటే ఉండి పట్టు వదిలితే శిథిలీకరణం. నీరో గాలో దాన్ని అరగదీసి మోసుకుపోతే క్రమక్షయం.

శిథిలం అనగానే మనకు పాడుబడ్డ కోట గుర్తొస్తుంది గానీ, సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం ‘వదులైనది’. సడలిన ముడి కూడా శిథిలమే. పాఠంలో మాటకు ఈ పాత అర్థమే దగ్గర. నమ్మకం కుదరకపోతే పాపను కొండ దగ్గరకు తీసుకెళ్లండి. మన వైపు తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. కోదు గిరిజనుల పేరు మీదే ఆ రాతికి ఆ పేరు వచ్చింది. ఎన్నో ఏళ్ల ఎండకీ వానకీ అందులోని ఇనుము తుప్పు పట్టి రాయి ఎర్రబారుతుంది. కొన్నిచోట్ల చేత్తో నలిపినా పొడిపొడిగా రాలుతుంది, మధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలు తగులుతాయి. అది ఎక్కడికీ కదల్లేదు, కొండమీదే ఉంది. మనవాళ్లు ‘గుల్లబారింది’ అంటారే, అదే. అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

కొన్ని పుస్తకాల్లో ‘శైథిల్యం’ అని ఉంటుంది, అదీ తప్పు కాదు. అది స్థితిని చెబుతుంది, శిథిలీకరణం పనిని చెబుతుంది. ‘కరణం’ అంటే చేయడం, చేసేవి ఎండా వానా. తనంతట తాను వదులవడం అని చెప్పాలంటే వ్యాకరణం ప్రకారం ‘శిథిలీభవనం’ అనాలి. ఆ మాట పాఠంలో పెడితే మాత్రం పిల్లలు మున్సిపాలిటీ నోటీసు అంటించిన పాత మేడ అనుకుంటారు!

క్రమక్షయంతోనే నాకు కాస్త పేచీ. మెల్లగా తరిగిపోవడం అని చెబుతుందే తప్ప, తరిగింది ఎటు పోయిందో ఆ మాటలో లేదు. పైగా మన గెడ్డలకు క్రమం ఎక్కడిది? ఒడిశా కొండల్లో గట్టిగా వాన పడితే నాగావళి తెల్లారేసరికి గట్టు దాటి పొంగుతుంది, నిన్న ఉన్న గట్టు ఇవాళ ఉండదు. ‘కోత’కు ఆ ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి కోసినా కోతే, ఒక్క రాత్రిలో కోసినా కోతే. సముద్రం ఊరి మీదికొస్తే పత్రికలు కూడా తీరం కోత అనే రాస్తాయి. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పోరాడింది వాడుక మాటకు బళ్లో చోటు కోసమే కదా. జవాబు మొదటి వాక్యంలో ‘క్రమక్షయం, అంటే కోత’ అని ఒకసారి రాసి, ఆపైన ధైర్యంగా కోత అనే రాయమనండి.

కోసుకెళ్లిన మట్టి ఎక్కడో దిగాలి. నీటి వేగం తగ్గేకొద్దీ ముందు గులకరాళ్లు, తర్వాత ఇసుక, ఆఖరికి ఒండ్రు దిగుతాయి. కోత ఒకరి పొలంలో, మేట ఇంకొకరి పొలంలో. ‘ఇసుక మేట’ అన్న మాట నష్టపరిహారం కాగితాల్లోకి కూడా ఎక్కింది. పాఠంలో ‘నిక్షేపణం’ అన్నది ఈ మేట వేయడాన్నే.

ఇక అవక్షేపమా, నిక్షేపమా అన్న మీ ప్రశ్న. రెండు మాటలకూ మూలం ‘క్షిప్’ ధాతువు, వేయడం అని అర్థం. ‘ని’ చేరితే ఒకచోట పెట్టడం, దాచడం. అందుకే పాతిపెట్టిన ధనం నిక్షేపం, గనుల్లో ఉన్నవి ఖనిజ నిక్షేపాలు. ‘నిక్షేపంలా ఉన్నాను’ అంటే దాచిన సొమ్ములా భద్రంగా ఉన్నానని. ‘అవ’ చేరితే కిందికి. నీళ్లలో అడుక్కి దిగింది అవక్షేపం. కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షనాళిక అడుగున పేరుకునేదాన్నీ అలాగే అంటారు. కాబట్టి పని పేరు నిక్షేపణం, దిగిన పదార్థం అవక్షేపం, అది గట్టిపడితే అవక్షేప శిల. ‘నిక్షేప శిల’ అంటే లంకెబిందె దాచిన రాయేమో అనిపిస్తుంది, వద్దు.

గట్టిపడటం అంటే, పై పొరల బరువుకు కింది పొర అణిగిపోతుంది, నీళ్లలో కరిగి వచ్చిన సున్నమో సిలికానో రేణువుల సందుల్లో చేరి గచ్చులా అతుకుతుంది. అలాంటి రాయి కోసం మీ కొండ మీద వెతక్కండి. ఖోండలైట్ కూడా ఒకప్పుడు బంకమట్టి అవక్షేపమే గానీ, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిపోయి ఇప్పుడు రూపాంతర శిలల లెక్కలోకి పోయింది. అవక్షేప శిల కావాలంటే వంటింట్లోకి వెళ్లండి. అరలకు వేసింది కడప రాయి అయితే అదే, సున్నపురాయి జాతి. డబ్బాలు పక్కకు జరిపి అంచు చూపించండి. గనిలో ఆ రాయి పలకలుగా విడివడేది ఒకప్పుడు మేట వేసిన పొరల వెంటే.