బీటెక్ అయింది, ఉద్యోగం రాలేదు... పీజీ చేయిస్తే వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి 2025లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాడు. 68 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు లేవు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఎంటెక్ చేయించమని కొందరు, పొలం తాకట్టు పెట్టయినా అమెరికాలో ఎంఎస్‌కు పంపమని కొందరు చెబుతున్నారు. ఏది చేస్తే ఉద్యోగం గ్యారంటీగా వస్తుంది? గ్యాప్ పెరిగిపోతోందని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: గ్యారంటీ ఏ చదువుకూ లేదండీ. ఆ మాట చెప్పేవాళ్లు కన్సల్టెన్సీల్లో బోలెడుమంది దొరుకుతారు.

ఊరూ బ్రాంచీ మారతాయి గానీ, ఫలితాలు వచ్చాక ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంటుంది. పెళ్లిలో ఎవరో పక్కన కూర్చుని ‘మీవాడు ఏం చేస్తున్నాడు?’ అంటే ఏం చెప్పాలి? ‘ఎంటెక్ చదువుతున్నాడు’ అంటే రెండేళ్లు ఎవరూ మళ్లీ అడగరు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ చుట్టాలకు జవాబు చెప్పుకోవడానికి రెండేళ్లూ, లక్షలూ ఖర్చు పెడతారా?

పీజీ లేకపోతే అసలు దరఖాస్తే పెట్టలేని ఉద్యోగాలు కొన్నున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎంటెక్ ఉండాలి. జూనియర్ లెక్చరర్‌కు పీజీ ఉండాలి. పరిశోధన సంగతి సరేసరి. గ్రూప్స్‌కు, బ్యాంకులకు డిగ్రీ చాలు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్ స్కోరు చూసి పిలిచే ప్రభుత్వ రంగ సంస్థలు కూడా అడిగేది బీటెక్కే.

ఇక సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలు. ఫ్రెషర్ల ప్రకటన ఒకటి తీసి అర్హతల దగ్గర చదవండి. బీఈ, బీటెక్, ఎంఈ, ఎంటెక్, ఎంసీఏ అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. టెస్టూ ఒకటే, కూర్చునే గదీ ఒకటే. దాని కిందే ‘ఫలానా సంవత్సరంలో పాసైనవాళ్లు’ అని ఇంకో షరతు ఉంటుంది. ఎంటెక్ వల్ల మీవాడికి ఒరిగే అసలు మేలు ఇక్కడే. పాసైన సంవత్సరం కొత్తదవుతుంది, మళ్లీ ఫ్రెషర్ అవుతాడు. కానీ మొన్న ఆ టెస్టులో ఎక్కడ ఆగిపోయాడో అది సరిచేసుకోకపోతే రెండేళ్ల తర్వాత కూడా అక్కడే ఆగుతాడు.

మీవాడిది ఈసీఈ కాబట్టి ఒక మంచి దారి ఉంది. చిప్ డిజైన్, వెరిఫికేషన్ పనుల్లో ఎంటెక్‌కు నిజంగానే విలువుంది. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లోనే డిజైన్ ఆఫీసులున్నాయి. వరంగల్ నిట్‌లోనో, ఏదైనా ఐఐటీలోనో ఈ చిప్ డిజైన్ కోర్సు వీఎల్‌ఎస్‌ఐలో సీటొస్తే కళ్లు మూసుకుని చేర్పించండి. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది. అదే ఎంటెక్‌ను సీట్లు నిండక, ల్యాబ్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు లేక నడుస్తున్న కాలేజీలో చేస్తే, చేతికి వచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. కోర్సు పేరు రెండు చోట్లా ఒకటే కదా అని మోసపోకండి.

ఎంఎస్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మా దగ్గర ఫీజు లేదు, అంతా ఫ్రీ అనే కన్సల్టెన్సీల్లో చాలావాటికి యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది. వాళ్లు చూపించే జాబితాలో మీవాడికి పనికొచ్చేవి ఎన్నో, వాళ్లకు కమీషన్ ఇచ్చేవి ఎన్నో మీరే అడగండి. లెక్క కూడా వేసుకోండి. 40 లక్షల అప్పు 11 శాతానికి అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 4.4 లక్షలు. అంటే నెలకు సుమారు 36,700 రూపాయలు. చదువు రెండేళ్లు, ఆపైన మామూలుగా ఇచ్చే ఏడాది గడువు కలిపితే, అసలులో రూపాయి తీరకుండానే వడ్డీ 13 లక్షలు దాటుతుంది.

చదువయ్యాక అక్కడ పనిచేయడానికి స్టూడెంట్ వీసా మీదే ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో 24 నెలలు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. గ్యాప్ అని మీరిక్కడ భయపడుతున్నారే, అక్కడ దాన్ని రోజుల్లో లెక్కపెడతారు. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్‌1బీ. ఏడాదికి 85,000 వీసాలు, అందులో 20,000 అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌1బీకి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఇలా మారిపోయే నిబంధనల మీద పొలాన్ని పందెం కాయడం నాకు నచ్చదు. మంచి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, ఫలానా ప్రొఫెసర్ దగ్గర ఫలానా పని చేస్తానని చెప్పగల పిల్లల్ని నేను ఆపను. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు.

కోపం రాకపోతే ఒక మాట. మార్కులు రాశారు, పొలం సంగతి రాశారు, అబ్బాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తనే చేశాడా, అమీర్‌పేటలో కొన్నాడా? కొన్నా తిట్టకండి, వాళ్ల క్లాసులో చాలామంది అదే చేసి ఉంటారు. తనే చేసి ఉంటే మాత్రం దాని గురించి పది నిమిషాలు చెప్పమనండి, మీకు అర్థం కాకపోయినా వినండి. ఎంటెక్‌కు పనికొస్తాడో లేదో నాకంటే ముందు మీకే తెలుస్తుంది.

ఏడాది గ్యాప్‌తో కొంపలేం మునగవు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చి ఎంటెక్‌లో చేరేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వచ్చే ఫిబ్రవరి గేట్‌కు సీరియస్‌గా చదవమనండి. ఆ చదువు ఎంటెక్‌కూ, ప్రభుత్వ రంగ సంస్థలకూ పనికొస్తుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పక్కనే చిప్ డిజైన్‌లో వాడే వెరిలాగ్ భాష నేర్చుకుంటూ, చిన్న కంపెనీల్లో ట్రైనీ పోస్టులకు దరఖాస్తు చేస్తూ ఉండమనండి. 15,000 జీతం వచ్చినా చేరనివ్వండి. ‘ఇంత చదివించి ఇంతేనా’ అని మాత్రం అనకండి. ఫిబ్రవరి దాకా ఏ కన్సల్టెన్సీకీ అడ్వాన్స్ కట్టొద్దు.