సాహ్ని గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తప్పులు పట్టడానికి ఏమీ లేదు. 1891 నవంబర్ 14న భేరాలో పుట్టడం, లాహోర్ చదువు, కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రవేత్త సీవార్డ్ దగ్గర శిష్యరికం, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో చేరడం, 1936లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, అన్నీ వరసగా ఉన్నాయి. కానీ చివరిదాకా చదివినా ఆయన బల్ల ముందు కూర్చుని ఏం చేసేవారో నాకు తెలియలేదు. ఆయన పేరు తీసేసి ఇంకో శాస్త్రవేత్త పేరు పెట్టినా నీ వ్యాసానికి ఏ నష్టమూ రాదు. నా గొడవంతా అదే.

ముందు ఆ పనిలో కష్టం ఎక్కడుందో చెప్పు. చెట్టు మొత్తంగా శిలాజమై దొరకడం చాలా అరుదు. ఆకు ఒక రాతిలో, కాండం ఇంకో రాతిలో, గింజ మరెక్కడో ఉంటాయి. ఏది దేనిదో తెలియదు కాబట్టి దేనికి దానికి వేరే పేరు పెడతారు. రాజమహల్ కొండల్లో (ఇప్పుడవి జార్ఖండ్‌లో ఉన్నాయి) దొరికిన ఇలాంటి ముక్కల్ని కలిపి సాహ్ని 1932లో విలియమ్సోనియా సీవార్డియానా అనే మొక్కకు కాండం, ఆకులు, పువ్వులతో సహా రూపం కట్టారు. పేరులో గురువుగారిని కూడా తలుచుకున్నారు. 1948లో అదే కొండల్లోని నిపానియా రాళ్ల నుంచి పెంటాక్సిలీ అనే కొత్త మొక్కల వర్గాన్నే ప్రతిపాదించారు. ఆ కాండాన్ని అడ్డంగా కోసి, వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే కలప ఒకే వలయంగా ఉండదు, మామూలుగా ఐదు భాగాలుగా విడివిడిగా కనిపిస్తుంది. నువ్వు దీన్ని 'అపూర్వ ఆవిష్కరణ' అని రెండు మాటల్లో దాటేశావు. ఆ కోత, ఆ అరగదీత ఒక పేజీ రాయి. బోర్ కొడుతుందని టెన్షన్ పడకు.

ఇక అసలు సంగతి. 1915లో, ఇంకా పాతికేళ్లు నిండకముందే, సాహ్ని ఒక చిన్న పరిశోధన పత్రం వేశారు. గింకో అనే చెట్టు అండాల్లో (గింజగా మారే భాగాల్లో) వేరే మొక్క పుప్పొడి చేరి ఉండటం చూశారాయన. శిలాజంలో గింజ లోపల పుప్పొడి కనిపించగానే అది ఆ మొక్కదే అనుకోవద్దని దాని సారాంశం.

ముప్పై ఏళ్ల తర్వాత ఏమైందో చూడు. పంజాబ్ సాల్ట్ రేంజ్ కొండల్లోని (ఇప్పుడవి పాకిస్తాన్‌లో ఉన్నాయి) ఉప్పు పొరలు ఏ కాలానివన్నది పెద్ద వివాదం. సుమారు యాభై కోట్ల ఏళ్ల నాటి కేంబ్రియన్ కాలపు పొరల కింద ఉన్నాయి కాబట్టి అంత పాతవేనని ఒక వర్గం. కాదు, ఎంతో తర్వాతిదైన, సుమారు ఐదు కోట్ల ఏళ్ల నాటి ఇయోసీన్ కాలానివే, భూమి పొరలు ఒకదానిమీదకి ఒకటి జరగడం వల్ల కిందికి చేరాయని ఇంకో వర్గం. సాహ్నికి ఆ ఉప్పులో, దాని చుట్టూ ఉన్న రాతిలో కలప తునకలు, పురుగుల అవశేషాలు దొరికాయి. కేంబ్రియన్‌లో నేల మీద చెట్లే లేవు. కాబట్టి ఇయోసీనే అన్నారు. బయటి నుంచి వచ్చి చేరాయేమోనన్న అనుమానం ఆయనకు రాక కాదు, దానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నాననే నమ్మారు. ఇవాళ భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఉప్పు వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటే అంటున్నారు. అంటే ఆయన లెక్క తప్పింది.

నీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. మహానుభావుడి పొరపాటు ఎందుకులే అనుకుని ఉంటావు. నాకైతే ఆయన జీవితంలో ఇంతకంటే ఆసక్తికరమైన ఘట్టం లేదు. పరాయి పుప్పొడి గురించి హెచ్చరించిన మనిషే కలప తునకల్ని ఎందుకు నమ్మారు? నువ్వు తీర్పు చెప్పొద్దు. ఆ రోజు ఆ వాదన ఎంత బలంగా కనిపించిందో పాఠకుణ్ణి ముందు ఒప్పించు, తర్వాత ఏమైందో చెప్పు. దక్కన్ లావా పొరల మధ్య మొక్కల్ని చూసి ఆ లావా టెర్షియరీ (డైనోసార్లు అంతరించాక మొదలైన) కాలానిదన్న ఆయన వాదన మరీ అంత తప్పలేదు. ఇప్పటి లెక్కల్లో ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, సరిగ్గా ఆ కాలపు గుమ్మంలో ఉంది. ఆ లావా మన రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి వైపు క్వారీల్లో దాని పొరలు కనిపిస్తాయి, వీలైతే వెళ్లి చూసి రా.

'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట కొట్టేయి. రోహ్‌తక్ దగ్గర దిబ్బలో దొరికిన మట్టి అచ్చుల్ని పట్టుకుని పాతకాలంలో నాణేలు ఎలా పోతపోసేవారో తేల్చి 1945లో ప్రచురించారని రాస్తే చాలు.

చావు దగ్గర 'విధి వక్రించింది' అన్నావు. 1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన పెట్టిన మొక్కల శిలాజాల పరిశోధన సంస్థకు నెహ్రూ శంకుస్థాపన చేశారు, 10న సాహ్ని గుండెపోటుతో పోయారు. తేదీలు రెండూ పక్కపక్కన పెట్టు, విధిని పిలవక్కర్లేదు. ఆ తర్వాత భవనం కట్టించి, 1953 జనవరిలో నెహ్రూ చేతే ప్రారంభం చేయించి, సంస్థను నడిపింది ఆయన భార్య సావిత్రి. నీ వ్యాసంలో ఆవిడ పెళ్లి వాక్యంలో కనిపించి మళ్లీ రాలేదు. ఆవిడకు కనీసం రెండు పేరాలు బాకీ ఉన్నావు.

సాల్ట్ రేంజ్ భాగం ముందు రాసి పంపు. ఫెలోషిప్పుల జాబితా మాత్రం మళ్లీ పంపకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు