వైమానిక దళంలో అగ్నివీర్‌గా చేరితే ఎయిర్ మార్షల్ దాకా వెళ్లొచ్చా?

నేరుగా వెళ్లలేరు. మధ్యలో పరీక్ష రాసి ఆఫీసర్‌గా కమిషన్ పొందితేనే ఆ దారి తెరుచుకుంటుంది. ఒంగోలు, నెల్లూరుల్లో ఇంటర్ అవగానే అగ్నివీర్‌వాయుకి (వైమానిక దళంలో అగ్నివీర్ కొలువు) దరఖాస్తు పెట్టే కుర్రాళ్లలో చాలామందికి ఈ సందేహం ఉంది.

కారణం, వైమానిక దళంలో రెండు వేర్వేరు నిచ్చెనలు. అగ్నివీర్‌లు వెళ్లే ఎయిర్‌మెన్ (ఆఫీసర్లు కాని సిబ్బంది) నిచ్చెన మాస్టర్ వారెంట్ ఆఫీసర్‌తో ఆగుతుంది (ఆపైన దక్కేవి గౌరవ హోదాలే). ఆఫీసర్లది ఫ్లయింగ్ ఆఫీసర్‌తో మొదలై ఎయిర్ చీఫ్ మార్షల్ దాకా పోతుంది. అందులోనూ వింగ్ కమాండర్ వరకు సర్వీసు ఏళ్లు చూస్తారు, ఆపైన ఏరివేత గట్టిగానే ఉంటుంది. దళాధిపతులంతా ఇప్పటిదాకా ఫ్లయింగ్ బ్రాంచి వాళ్లే.

మన హైదరాబాదు ఇద్రిస్ హసన్ లతీఫ్‌నే తీసుకోండి. 1942లో పైలట్‌గా కమిషన్ పొందారు, దళాధిపతి అయింది 1978లో. ఆఫీసర్‌గా మొదలైనా 36 ఏళ్లు పట్టింది!

ఎయిర్ మార్షల్ అంటే దళాధిపతి అనుకోవడం మామూలు పొరపాటు. ఆ హోదాలో ఒకేసారి చాలామంది ఉంటారు. దళాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్, ఆయన ఒక్కరే. ఇంటర్ ఎంపీసీ వాళ్లయితే ముందు ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత ఆఫీసర్ శిక్షణకు ఎంపిక చేసే పరీక్ష) రాయండి.