చికిత్స అయ్యాక నెల తప్పితే... ముఖద్వారం పరీక్ష ఎప్పుడు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పాప్‌స్మియర్‌లో (ముఖద్వారం కణాల పరీక్ష) తేడా కనిపిస్తే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దంతో చూసే పరీక్ష) చేశారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర సిన్-3 (క్యాన్సర్‌కు ముందు దశ మార్పుల్లో తీవ్రమైనది) ఉందని చెప్పి లీప్ (వేడి తీగతో ఆ భాగాన్ని కోసి తీయడం) చేశారు. అది జరిగి నాలుగు నెలలైంది. ఆరు నెలలకు మళ్లీ టెస్టుకు రమ్మన్నారు. ఈలోగా నెల తప్పాను, ఇప్పుడు తొమ్మిదో వారం. కడుపుతో ఉండగా లోపలి పరీక్షలు వద్దని మా అత్తయ్య అంటున్నారు. కాన్పయ్యాక చేయించుకుంటే సరిపోతుందా?

జవాబు: దీనికి జవాబు మీ ఫైల్లోనే ఉంది. లీప్‌లో తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపి ఉంటారు. దాని హిస్టోపాథాలజీ రిపోర్టు వెతికి బయటికి తీయండి. డిశ్చార్జి కాగితంతో పని జరగదు, ముక్క తాలూకు రిపోర్టే కావాలి. మీ దగ్గర లేకపోతే లీప్ చేసిన చోట నకలు అడిగి తీసుకోండి. గర్భిణిగా మిమ్మల్ని చూస్తున్న డాక్టరు వేరే అయితే ఆ కాగితం వారి చేతికి అందడం మరీ ముఖ్యం. 'ఎప్పుడో లీప్ అయింది' అన్న ఒక్క మాటతో ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు.

రిపోర్టులో ముందుగా 'మార్జిన్స్' అన్న చోట ఏం రాశారో చూడండి. తీసిన ముక్క అంచు వరకూ తేడా కణాలు లేకపోతే 'ఫ్రీ' అనో 'క్లియర్' అనో రాస్తారు. అంచు దాకా ఉంటే 'ఇన్‌వాల్వ్డ్' అంటారు. అంటే లోపల ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు. మార్జిన్స్ దగ్గర ఇంకో మాట కూడా రాయవచ్చు. లీప్‌లో కోసేది కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగ. ఆ వేడికి ముక్క అంచు కమిలిపోతే పాథాలజిస్టుకు కణాలు స్పష్టంగా కనపడవు. అప్పుడు 'అంచు గురించి చెప్పలేం' అని రాస్తారు. దాన్ని బాగున్నట్టు లెక్కేసుకోకూడదు, ఇన్‌వాల్వ్డ్‌తో సమానంగానే చూడాలి.

రిపోర్టులో చూడాల్సిన రెండోది, తేడా ఏ కణాల్లో వచ్చింది అన్నది. ఎక్కువ మందికి ముఖద్వారం పైపొర కణాల్లో వస్తుంది, సిన్ అనేది దాన్నే. కొందరికి లోపలి గ్రంథి కణాల్లో వస్తుంది. అది ముఖద్వారపు గొట్టం లోపల దాగి, మధ్య మధ్యలో ఖాళీలు వదిలి మచ్చలు మచ్చలుగా ఉండే రకం కాబట్టి చికిత్స తర్వాతి మొదటి పరీక్షను వాయిదా వేయరు.

మీది సిన్-3 అయి, అంచులు ఫ్రీ అని ఉంటే కాన్పయిన మూడు నెలల దాకా ఆగవచ్చు. లెక్క చూడండి: కాన్పుకు ఇంకా 31 వారాలు, ఆపైన 12 వారాలు. అప్పటికి లీప్ అయి 14 నెలలు అవుతుంది. తిరుగు పరీక్షను కొన్ని దేశాల్లో ఆరు నెలలకు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు 12 నెలలకు చేయమంటున్నాయి. ఆ లెక్కన 14 నెలలు ప్రమాదకరమైన ఆలస్యమేమీ కాదు. అంచులు ఇన్‌వాల్వ్డ్ అయినా, తెలియలేదని రాసి ఉన్నా, గ్రంథి కణాల తేడా అయినా మాత్రం ఆగొద్దు. మీ ఆరు నెలల గడువు సరిగ్గా 17, 18 వారాల దగ్గర పడుతుంది. పరీక్షకు అంతకన్నా అనువైన సమయం ఉండదు.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే ఎందుకంటే, మొదటి మూడు నెలల్లో గర్భం పోవడమన్నది పరీక్ష చేసినా చేయకపోయినా కొందరిలో జరుగుతుంది. పరీక్షైన మర్నాడు అలా జరిగితే ఆ తల్లి జీవితాంతం ఆ పరీక్షనే నిందించుకుంటుంది. అనవసరంగా ఆ బరువు ఎవరికీ వద్దు. ఏడో నెల దాటాక బిడ్డ తల కిందికి దిగుతుంది, ముఖద్వారం వెనక్కి వెళ్తుంది, యోని గోడలు మెత్తబడి మధ్యలోకి జారుతుంటాయి. చూడటమూ కష్టం, మీకూ ఇబ్బంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లూ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లూ, తిరుగు పరీక్ష గడువు నెల తప్పకముందే దాటిపోయినవాళ్లూ కాన్పు దాకా ఆగుదామని సొంతంగా అనుకోవద్దు. ముందే డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: నాకు ఐదో నెలలో ఈ టెస్టు చేస్తామన్నారు. బ్రష్ లోపలికి పెడితే బిడ్డకు తగలదా? గర్భం జారే ప్రమాదం లేదా?

జవాబు: తగలదు. బిడ్డకూ బ్రష్‌కూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న ముఖద్వారం ఉంటుంది, దాన్ని బిరడాలా మూసిన చిక్కటి జిగురు ఉంటుంది, ఆపైన ఉమ్మనీటి సంచి ఉంటుంది. నమూనా తీసేది ముఖద్వారం బయటి కొస నుంచే. ఈ పరీక్ష వల్ల గర్భం పోదు.

స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టాక చిన్న చీపురులాంటి మెత్తటి బ్రష్‌ను ముఖద్వారానికి ఆనించి ఒకే దిక్కులో ఐదుసార్లు తిప్పుతారు. మధ్యలో ఉన్న పొడవాటి కుచ్చు మాత్రమే ద్వారంలోకి కొద్దిగా వెళ్తుంది. సన్నగా, గట్టిగా ఉండి లోతుగా దూరే మరో రకం బ్రష్ ఉంది. గర్భిణులకు చాలామంది డాక్టర్లు దాన్ని వాడరు. ఏది వాడతారని అడగడంలో తప్పు లేదు. యోని గోడలు మరీ లోపలికి జారుతుంటే స్పెక్యులమ్‌కు కొస కత్తిరించిన గ్లౌజు వేలో, కండోమో తొడిగి పక్కలను ఆపుతారు. అలా చేస్తుంటే కంగారుపడకండి.

పరీక్ష తర్వాత ఒకటి రెండు రోజులు బట్టకు మరక అంటవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల లోపలి ఎర్రటి, సున్నితమైన పొర ముఖద్వారం బయటికి తిరుగుతుంది. బ్రష్ తగలగానే అక్కడ కాస్త రక్తం చిమ్ముతుంది, అంతే. ప్యాడ్ తడిసేంత రక్తం, పట్టి వదులుతున్నట్టు కడుపునొప్పి, ఉమ్మనీరు పోవడం ఉంటే మాత్రం అది పరీక్ష వల్లేలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి. మాయ కిందికి ఉందని స్కాన్‌లో చెప్పి ఉంటే ఆ విషయం పరీక్షకు ముందే చెప్పాలి. అప్పుడు వాయిదా వేయడమే మంచిది.

ల్యాబ్‌కు పంపే ఫారంలో రెండు విషయాలు రాశారో లేదో దగ్గరుండి చూసుకోండి: గర్భం ఎన్నో వారం, లీప్ ఏ తేదీన అయింది. గర్భంలో మామూలుగా కనిపించే కొన్ని కణాలు పెద్ద కేంద్రకంతో తేడా కణాల్లాగే ఉంటాయి. గర్భం అని తెలియకపోతే చూసేవాళ్లు పొరబడి లేని తేడా రాసే అవకాశం ఉంది. లీప్ అయిన సంగతి తెలియకపోతే మానిన గాయం దగ్గరి మార్పులూ అనుమానాస్పదంగా కనిపిస్తాయి. ఫారంలో ఆ రెండు ముక్కలు రాయడానికి పట్టేది అర నిమిషం. రాయనందుకు ఒక తల్లి పడే ఆందోళన నెలల తరబడి ఉంటుంది.

ప్రశ్న: 20వ వారంలో చేసిన టెస్టులో హెచ్‌పీవీ (ముఖద్వారం క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పాజిటివ్, కణాల్లోనూ తేడా అని వచ్చింది. కాల్పోస్కోపీ చేసి, 'ఇప్పుడు ఏమీ చేయం, కాన్పయ్యాక చూద్దాం' అన్నారు. నిర్లక్ష్యం చేస్తున్నారేమోనని భయంగా ఉంది.

జవాబు: నిర్లక్ష్యం కాదమ్మా, అదే సరైన పద్ధతి. గర్భంలో కాల్పోస్కోపీ చేసేది ఒక్క ప్రశ్నకు జవాబు కోసం: ఇప్పటికే క్యాన్సర్ ఉందా, లేదా? ముఖద్వారం మీద 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్ది, తెల్లబడిన చోట్లను భూతద్దంలో చూస్తారు. దానివల్ల బిడ్డకు హాని లేదు. అయోడిన్ కూడా అద్దుతామంటే, మీకు థైరాయిడ్ సమస్యగానీ అయోడిన్ పడకపోవడంగానీ ఉంటే ముందే చెప్పండి. క్యాన్సర్ అనుమానం కనిపిస్తే చిన్న ముక్క తీస్తారు. గర్భంలో రక్తసరఫరా ఎక్కువ కాబట్టి రక్తం కాస్త ఎక్కువే పోతుంది, దాన్ని ఆపే ఏర్పాటుతోనే తీస్తారు. గొట్టం లోపల గీకి నమూనా తీయడం మాత్రం గర్భంతో ఉండగా చేయకూడదు.

క్యాన్సర్ లక్షణాలు లేకపోతే సిన్-2, సిన్-3 ఉన్నా చికిత్స కాన్పు తర్వాతే. ఇప్పుడు కోస్తే రక్తస్రావం, నెలలు నిండకుండా కాన్పు, రెండు ప్రమాదాలూ ఉన్నాయి. ఆగడం వల్ల పోయేది దాదాపు లేదు. సిన్-3 క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. న్యూజిలాండ్‌లో 1955-76 మధ్య సిన్-3 ఉందని తేలినా సరైన చికిత్స అందని ఆడవాళ్లను తర్వాత లెక్క తీస్తే, 30 ఏళ్లలో నూటికి సుమారు 31 మందికి క్యాన్సర్ వచ్చింది. వాళ్లకు చికిత్స చేయకపోవడం ఘోరమైన అన్యాయం. ఆ అంకె చెప్పేది రెండు మాటలు: చికిత్స మానేయకూడదు, కొన్ని నెలల ఆలస్యానికి బెంబేలెత్తనక్కర్లేదు. పైగా కొందరిలో కాన్పయ్యాక ఈ తేడా దానంతటదే తగ్గిపోతుంది.

అయితే 'కాన్పయ్యాక చూద్దాం' అన్నదానికి తేదీ ఉండాలి. పెద్ద తేడా అనుమానం ఉంటే ఆరో నెల చివర మరోసారి కాల్పోస్కోపీ, కాన్పయిన మూడు నెలలకు ఇంకోసారి అని రాయించుకోండి. పసిబిడ్డ చేతికొచ్చాక తల్లి తన పరీక్షలు మర్చిపోవడం చాలా మామూలుగా జరిగే విషయం. ఇక్కడ నిజంగా భయపడాల్సింది దానికే.

ప్రశ్న: రెండుసార్లు లీప్ అయింది. దానివల్ల నెలలు నిండకుండా కాన్పవుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: కొంత నిజం. అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, చికిత్స జరగనివాళ్లలో నూటికి ఐదుగురికి 37 వారాల్లోపు కాన్పయితే, జరిగినవాళ్లలో పది పదకొండు మందికి అయింది. అంటే దాదాపు తొంభై మందికి నెలలు నిండాకే అయింది. ప్రమాదం ఎంత లోతుగా తీశారన్నదాన్ని బట్టి పెరుగుతుంది. 10 మిల్లీమీటర్లలోపు అయితే తక్కువ, 15 దాటితే జాగ్రత్తగా చూడాలి. ఇదీ ఆ హిస్టోపాథాలజీ రిపోర్టులోనే ఉంటుంది, ముక్క కొలతల్లో మిల్లీమీటర్లలో రాస్తారు. రెండుసార్లు అయినవాళ్లు రెండు రిపోర్టులూ తీసుకెళ్లాలి.

మీకు 18 నుంచి 22 వారాల మధ్య ఒకసారైనా ముఖద్వారం పొడవు కొలిచే స్కాన్ చేయాలి. పొట్ట మీద చేసేది దీనికి సరిపోదు, యోని ద్వారా చేసేదే నమ్మకమైనది. ముందు మూత్రం పూర్తిగా పోసి వెళ్లండి. నిండిన మూత్రాశయం నొక్కితే ముఖద్వారం ఉన్నదానికన్నా పొడవుగా కనిపించి, పొట్టిగా ఉన్న సంగతి దాగిపోతుంది. పొడవు 25 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఊరట. తగ్గితే రోజూ రాత్రి యోనిలో పెట్టుకునే 200 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరాన్ గానీ, ముఖద్వారానికి కుట్టు గానీ వేస్తారు. మంచం దిగకుండా పడుకుంటే మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

లీప్ అయినంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. అరుదుగా మచ్చ బిగుసుకుని నొప్పులొచ్చినా ద్వారం విచ్చుకోదు. కాన్పు గదిలో చేరగానే లీప్ సంగతి చెబితే వాళ్లు దాన్ని గమనిస్తారు.

ప్రశ్న: ఆరో నెలలో అప్పుడప్పుడు రక్తం కనిపిస్తోంది. పోయిన ఏడాది టెస్టు నార్మల్. లీప్ చేసిన పాత గాయమేనని ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోవద్దు. పోయిన ఏడాది నార్మల్ అన్నది ఈనాటి రక్తానికి జవాబు కాదు. ముందు మాయ ఎక్కడుందో స్కాన్‌లో చూడాలి, ఆ తర్వాతే స్పెక్యులమ్‌తో ముఖద్వారాన్ని కంటితో చూడాలి. మాయ స్థానం తెలియకుండా వేలితో లోపలి పరీక్ష చేయనివ్వకండి. మీ రక్తం నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లి శరీరంలో యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) 72 గంటల్లోపు పడాల్సి రావచ్చు కాబట్టి అదీ చెప్పండి.

ప్రశ్న: కాన్పయి ఐదు వారాలైంది, పాలిస్తున్నాను. వాయిదా వేసిన పరీక్ష ఇప్పుడే చేయించుకోవచ్చా? మిగిలిన హెచ్‌పీవీ టీకా డోసు సంగతేమిటి?

జవాబు: పరీక్షకు 12 వారాలు నిండనివ్వండి. ఇప్పుడు ముఖద్వారం ఇంకా మానుతూ ఉంటుంది, మైలరక్తం కలుస్తుంది, నమూనా పనికిరాదని తిరిగి రావచ్చు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గి కణాలు పలచబడతాయి, దాంతో స్మియర్ ఫలితం అస్పష్టంగా రావచ్చు. హెచ్‌పీవీ పరీక్ష మీద ఆ ప్రభావం తక్కువ కాబట్టి అందుబాటులో ఉంటే అదే అడగండి. పాలిస్తున్నట్టు ఫారంలో రాయించండి. పాలు మాన్పించే పని లేదు. గర్భంలో ఆపిన టీకా డోసును పాలిస్తూ వేయించుకోవచ్చు, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.