ఆదాయపు పన్ను రీఫండ్ అంటూ వచ్చిన మెయిల్‌ నమ్మి పాన్, కార్డు నంబరు, సీవీవీ ఇచ్చేశాను, ఓటీపీ మాత్రం చెప్పలేదు. భయం లేదా?

ఓటీపీ చెప్పలేదు కదా అని ధీమాగా ఉండకండి. కొన్ని విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు నంబరు, సీవీవీతో డబ్బు లాగేయొచ్చు. ముందు బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

నేను మీకన్నా ఒక మెట్టు పైనే ఉన్నాను లెండి, ఓటీపీ కూడా కొట్టినవాణ్ని. రెండేళ్ల కింద ఆగస్టులో, బెంగళూరులో ఆఫీసు నుంచి మారతహళ్లి వస్తూ సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. జులైలో రిటర్న్ వేసి, రీఫండ్ పడిందా లేదా అని రోజూ చూసుకుంటున్న రోజులు. సరిగ్గా అప్పుడే, రూ.18,450 మంజూరైంది, కార్డు వివరాలతో ధ్రువీకరించండి అని మెయిల్. నాకు రావాల్సింది కూడా కాస్త అటూ ఇటూగా అంతే! వాళ్లకెలా తెలిసిందని చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తెలిసి ఉండదు. వేల మందికి విసిరిన రాయి నాకు తగిలింది, అంతే.

ఫోన్‌లో పంపినవాళ్ల పేరే కనిపించింది. దాని మీద నొక్కి ఉంటే అసలు అడ్రస్ బయటపడేది. ఓటీపీ మెసేజ్‌లో ‘రూ.24,999 కొనుగోలు కోసం’ అని స్పష్టంగా ఉంది. నా కళ్లు ఆ ఆరంకెల మీదే ఉన్నాయి. రీఫండ్ రావడానికి కొనుగోలు ఏంటని ఒక్క క్షణం ఆగినా సరిపోయేది.

డబ్బు కట్ అయిన మెసేజ్ చూసి బస్సులోనే కార్డు బ్లాక్ చేశాను. కాసేపటికే రూ.49,000కి ఇంకో ప్రయత్నం జరిగింది, అది ఆగిపోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి నా సగం సగం కన్నడంలో ఫిర్యాదు రాయించాను. మొదటి డబ్బు మాత్రం తిరిగి రాలేదు. 2017 నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం మన చేత్తో మనమే వివరాలిస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినది మన నెత్తినే, చెప్పాక పోతే బ్యాంకుదే బాధ్యత. అందుకే ఫిర్యాదు నంబరు, టైమ్ రెండూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆదాయపు పన్ను శాఖకు మన కార్డుతో పనే లేదండి. పోర్టల్‌లో వ్యాలిడేట్ చేసిన బ్యాంకు ఖాతాలోనే రీఫండ్ వేస్తుంది. లింకులో ముందు ఏ పేరున్నా నమ్మొద్దు, ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న తోక చూడండి. పన్ను శాఖదైతే ‘గవ్ డాట్ ఇన్’ ఉండాలి. మన బ్యాంకులు కూడా ‘బ్యాంక్ డాట్ ఇన్’కి మారాయి. తాళం గుర్తు నేను చూసిన దొంగ పేజీలోనూ ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పాన్ కూడా ఇచ్చారు కాబట్టి, మీ పేరు మీద ఎవరైనా లోన్ తీశారేమో కొన్ని నెలల పాటు క్రెడిట్ రిపోర్ట్ చూస్తుండండి. ఒక్కో క్రెడిట్ బ్యూరో (సిబిల్ లాంటి, మన అప్పుల చిట్టా ఉంచే సంస్థ) ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తుంది. కొత్త కార్డు రాగానే యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్ చేయండి. నాది ఇప్పటికీ ఆఫ్‌లోనే ఉంది.