ముఖపత్రం లేని న్యూ ఇంగ్లండ్ ప్రైమర్ ఏ కాలానిది?
న్యూ ఇంగ్లండ్ ప్రైమర్ అంటే అమెరికా వలసకాలంలో పిల్లలకు చదవడం నేర్పిన పుస్తకం. ముఖపత్రం ఊడిపోయినా ఫర్వాలేదండీ, ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఇచ్చిన అక్షరమాల పద్యాలు చూడండి. ‘ఎ’ దగ్గరి ఆదాము పతనంతో ఏమీ తేలదు, అది దాదాపు మారలేదు. ‘సి’ ముఖ్యం. దొరికినవాటిలో అతి పాతదైన 1727 ప్రతిలో అక్కడ ఎలుకతో ఆడి చంపే పిల్లి ఉంది. 1762 నాటికి సిలువపై క్రీస్తు వచ్చాడు. ‘డి’ దగ్గర దొంగను కరిచే కుక్క పోయి జలప్రళయం వచ్చింది. కాబట్టి మతం తక్కువగా ఉంటే కొత్త ప్రతి అనుకోకండి. అది మధ్యలో పెరిగి, ఆ శతాబ్దం చివర్లో సడలింది. ‘కె’లో రాజును పొగిడితే అమెరికా విప్లవానికి ముందటి పాఠమే.

ఒక్క జాగ్రత్త: 1777 ప్రతిని 1840లలో మళ్లీ అచ్చువేశారు. మీది అసలు పాతదా, ఆ పునర్ముద్రణా అని తేల్చుకోవడానికి కాగితాన్ని వెలుతురుకు పట్టండి. చేత్తో తయారుచేసిన పాత కాగితంలో సాధారణంగా దగ్గరదగ్గరగా సన్నని గీతలు కనిపిస్తాయి.