కాన్పు తర్వాతి రాత్రులు ఎవరూ తీయరు

ప్రశ్న: మేడమ్, మాది బెంగళూరు మారతహళ్లి. పాపకు ఏడు వారాలు. ఏడుపు ఆగదు, పాప పడుకున్నా నాకు నిద్ర రాదు. బాలింతకు లేని ఆయా కనిపించే ‘టల్లీ’ సినిమా చూశాక టెన్షన్ ఎక్కువైంది. నాకూ అలా లేనివాళ్లు కనిపిస్తారా? ‘బాలింత సినిమాలు చూడకూడదు’ అని అత్తయ్య గొడవ.

జవాబు: తప్పు సినిమాది కాదమ్మా. 2018లో వచ్చిన ఆ సినిమాలో ఛార్లిజ్ థెరాన్ అర్ధరాత్రి అవస్థ అచ్చం నిజం. మన సినిమాల్లోనో? బయట మొగుడి పచార్లు, లోపలో కేక, వెంటనే ఉయ్యాల పాట! నా తొలి కాన్పప్పుడు వెల్లుల్లికారం అన్నంలో కన్నీళ్లు పడుతుంటే, ‘కారం ఎక్కువైందా?’ అనేది మా అమ్మ.

లేనిది కనిపించే సైకోసిస్ వెయ్యిమందిలో ఒకరిద్దరికే వస్తుంది. రెండు వారాల్లో తగ్గే దిగులు మామూలే. ఏడు వారాలైనా తగ్గలేదంటే డిప్రెషన్ కావచ్చు, మందుంది. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది. పాపతోనే వెళ్లి చూపించుకోండి. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416. మిమ్మల్నో పాపనో ఏదైనా చేసేయాలనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, మీ ఆయన్ని లేపి అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి.